గ్రూప్ డిస్కషన్‌లో గొంతు పెంచితేనే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: ఘట్‌కేసర్ సమీపంలోని ఇంజినీరింగ్ కళాశాలలో సీఎస్‌ఈ చివరి సంవత్సరం చదువుతున్నాను. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమం. ప్రాంగణ నియామకాల రాతపరీక్ష గట్టెక్కుతున్నా, గ్రూప్ డిస్కషన్‌లో నోరు పెగలడం లేదు. అమీర్‌పేటలో చేరిన శిక్షణ కేంద్రంలో, చెప్పే విషయానికి 7 శాతమే విలువని, మిగిలినదంతా గొంతు, హావభావాలేనని అంటున్నారు. నలుగురం కలిసి చేసిన ప్రాజెక్టును నా ఒక్కడిదిగా రెజ్యూమెలో రాసుకోమన్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా ఆ 7 శాతం సంగతి తేల్చుకుందాం. మీ భయంలో సగం దానివల్లే పెరిగినట్టుంది. ఈ లెక్కకు మూలం, మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ అమెరికాలో సహచరులతో కలిసి 1967లో ప్రచురించిన రెండు అధ్యయనాలు. విడి మాటలను రకరకాల స్వరాలతో పలికించి, ఒక అధ్యయనంలో ముఖాల ఫొటోలను కూడా జోడించి, మాట్లాడే వ్యక్తికి ఎదుటివారంటే ఇష్టమో అయిష్టమో వినేవారు దేన్నిబట్టి పసిగడుతున్నారో పరిశీలించారు. మాట ఒకటి, స్వరమో ముఖమో మరొకటి చెబుతున్నప్పుడు మనం మాటకంటే స్వరాన్ని, ముఖాన్నే ఎక్కువగా నమ్ముతామన్నది వాటి సారాంశం. డేటాబేస్‌లో ఇండెక్స్ (కావలసిన సమాచారాన్ని త్వరగా వెతికిపెట్టే ఏర్పాటు) ఎందుకు వాడతారని అడిగినప్పుడు మీరిచ్చే సమాధానానికి ఆ లెక్క వర్తించదు. ఇష్టాయిష్టాల వ్యక్తీకరణకు తప్ప తన అంకెలు చెల్లవని మెహ్రాబియనే స్పష్టం చేశారు. ఎదుటివారి కళ్లలోకి చూడటం, వినపడేలా మాట్లాడటం అవసరమే, కానీ ఇండెక్స్ గురించి తెలియకపోతే ఎంత ధీమాగా చేతులు తిప్పినా ఆ సంగతి దాగదు.

మీకు అంతకంటే ఎక్కువగా ఉపయోగపడేది, బ్రిటిష్ తత్వవేత్త పాల్ గ్రైస్ 1975లో అచ్చయిన తన వ్యాసంలో వివరించిన సంభాషణ సూత్రాలు. అవసరమైనంత చెప్పాలి, అంతకు మించకూడదు. అబద్ధమని తెలిసినదాన్ని గానీ, ఆధారం లేనిదాన్ని గానీ చెప్పకూడదు. సందర్భానికి సంబంధించినదే చెప్పాలి. తికమక లేకుండా వరుసగా చెప్పాలి. వీటిలో రెండోది నీతికి, మిగిలినవి నేర్పుకు సంబంధించినవిగా పైకి అనిపిస్తాయి గానీ, ఎదుటివారు మన మాట వినడానికి ఒప్పుకునేదే మనం నిజం చెబుతున్నామన్న నమ్మకం మీద కాబట్టి, రెండోది పోతే మిగతా మూడూ ఉన్నా ఫలితం ఉండదు.

ఇప్పుడు గ్రూప్ డిస్కషన్ విషయానికి వద్దాం. అందరికంటే ముందు అందుకోవాలనీ, ఎక్కువసేపు మాట్లాడాలనీ మీరు అనుకుంటున్నట్టున్నారు. పదిమంది ఒకేసారి మాట్లాడే గదిలో పదకొండో గొంతు ఎవరికీ అక్కరలేదు. ‘ఇంటి నుంచి పని’ అనే అంశం ఇచ్చారనుకోండి. ఒకమ్మాయి ప్రయాణ సమయం కలిసి వస్తుందని చెప్పింది. మీ వంతు వచ్చినప్పుడు ఇలా అనవచ్చు: “ప్రయాణ సమయం మిగులుతుందని ఆమె అన్నారు. ఉప్పల్ నుంచి గచ్చిబౌలి వెళ్లేవారి విషయంలో అది నిజమే. అయితే కొత్తగా చేరినవారు చాలావరకు పక్క సీటులోని సీనియర్‌ను చూసి పని నేర్చుకుంటారు. వారి సంగతి ఏమిటి?” ఈ నాలుగు వాక్యాల్లో మీరు శ్రద్ధగా విన్నారని, ఆమె మాటను వక్రీకరించలేదని, చర్చను ఒక అడుగు ముందుకు తీసుకెళ్లారని అంచనా వేసేవారికి తెలిసిపోతుంది. అమెరికాలోని నేషనల్ కమ్యూనికేషన్ అసోసియేషన్ 1999లో ఆమోదించిన నైతిక నియమావళిలో కూడా, ఎదుటివారి మాటను బేరీజు వేసి బదులిచ్చే ముందు వారిని అర్థం చేసుకోవడానికి ప్రయత్నించాలన్న నియమం ఉంది. ఇక ఎవరినైనా ఎగతాళి చేసో, మాటకు అడ్డుపడో గెలవాలనుకునేవారిని చూసి మీరు జంకనవసరం లేదు. రేపు ఆ మనిషితో కలిసి పనిచేయగలమా అన్న అనుమానం పరిశీలకులకూ వస్తుంది.

ప్రాజెక్టు గురించి శిక్షణ కేంద్రంవారు ఇచ్చిన సలహాను మాత్రం పాటించకండి. నలుగురి కష్టాన్ని ఒకరి పేరున రాసుకోవడం మిగిలిన ముగ్గురికి అన్యాయం. పైగా అదే కళాశాల నుంచి, అదే కంపెనీ ముందుకు, అదే ప్రాజెక్టుతో ఆ ముగ్గురూ వస్తారన్న చిన్న విషయం సలహా ఇచ్చినవారికి ఎందుకు తట్టలేదో! రెజ్యూమెలో “నలుగురు సభ్యుల బృందం, డేటాబేస్ పట్టికల రూపకల్పన నా బాధ్యత” అని రాయండి. అప్పుడు ప్రశ్నలు మీకు తెలిసిన చోటికే ఎక్కువగా వస్తాయి. మీరు చేయని భాగం గురించి అడిగితే, “ఆ భాగం మా బృందంలో మరొకరు చేశారు, నాకు తెలిసినంతవరకు అది ఇలా పనిచేస్తుంది” అని చెప్పడంలో తప్పు లేదు. ఉద్యోగానుభవం విషయంలోనూ ఇంతే. లేని అనుభవానికి పత్రాలు పుట్టించుకుంటే, చేరిన తర్వాత జరిగే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికిపోయి ఉద్యోగం పోగొట్టుకునే ప్రమాదం ఉంటుంది.

తెలుగు మాధ్యమం గురించి ఎక్కువగా దిగులు పడకండి. ఇంగ్లిష్‌లో పొడవైన వాక్యం మొదలుపెట్టి మధ్యలో దారి తప్పడం కంటే, కర్త, క్రియ సరిగా ఉన్న పొట్టి వాక్యాలు రెండు చెప్పడం మేలు. ప్రశ్న అర్థం కాకపోతే, మీకు అర్థమైన విధంగా దాన్ని తిరిగి చెప్పి, సరేనా అని అడగండి. రోజూ ఒక సంపాదకీయం చదివి, దాన్ని రచయిత ఒప్పుకునే విధంగా మూడు వాక్యాల్లో ముందు తెలుగులో, ఆ తర్వాత ఇంగ్లిష్‌లో స్నేహితుడికి చెప్పండి. అతడికి ఏం అర్థమైందో తిరిగి చెప్పమనండి. తేడా వచ్చిన చోట వాక్యాన్ని మార్చి మళ్లీ చెప్పండి. మీ ప్రాజెక్టు వివరణను కూడా ఇదే పద్ధతిలో, ముందుగా కంప్యూటర్లతో సంబంధం లేని వారెవరికైనా, ఆ తర్వాత మీతో కలిసి ఆ ప్రాజెక్టు చేసిన ముగ్గురికీ వినిపించండి. వారి పని గురించి మీరు చెప్పినదాంట్లో పొరపాటుంటే వారే సరిదిద్దుతారు.