పాపని డీఎంఎల్‌టీలో చేర్చాలా అని అడిగిన పర్లాకిమిడి నాన్నగారికి

పాప ప్లస్ టూ సైన్స్ పాసయింది, డీఎంఎల్‌టీ, అంటే మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా కోర్సు చేస్తానంటోంది, ఇంట్లో పెద్దవాళ్లేమో "జీవితాంతం ఎవరెవరివో మూత్రం సీసాలు పట్టుకుంటావా" అంటున్నారు, ఏం చెయ్యమంటారు అని రాశారు. అన్నయ్యగారూ, చేర్పించండి. ముందు ఆ సీసా సంగతే చెప్తాను, ఎందుకంటే చిన్నచూపంతా దాని మీదే ఉంది.

యూరిన్ టెస్ట్ అంటే స్ట్రిప్ ముంచి రంగు చూడ్డమే అనుకుంటారు చాలామంది. స్ట్రిప్ రక్తం ఉందని చెప్తుంది గానీ అది కిడ్నీలోంచి వస్తోందా, కింద బ్లాడర్లో రాయి వల్ల వస్తోందా అన్నది చెప్పలేదు. 10 నుంచి 12 ఎంఎల్ యూరిన్‌ని సెంట్రిఫ్యూజ్‌లో 5 నిమిషాలు తిప్పి, పైది వంపేసి, అడుగున మిగిలిన దాంట్లోంచి ఒక చుక్క స్లైడ్ మీద వేసి, లైటు తగ్గించి, ముందు 10ఎక్స్‌లో తర్వాత 40ఎక్స్‌లో ఓపిగ్గా వెతికితే అప్పుడు తెలుస్తుంది. ఎర్రకణాలు రకరకాల వంకర్లుగా ఉన్నా, వాటితో కాస్ట్ (కిడ్నీలోని సన్నగొట్టాల్లో, అంటే ట్యూబుల్స్‌లో, అచ్చుపోసినట్టు గట్టిపడ్డ ముద్ద) కట్టినా కిడ్నీలో వడపోసే భాగమే వాచిందని డాక్టర్‌కి అనుమానం వస్తుంది, తెల్లకణాల కాస్ట్‌లుంటే ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పాకి ఉండొచ్చు, మట్టిరంగు కాస్ట్‌లు గుంపుగా కనబడితే లోపలి ట్యూబుల్స్ దెబ్బతిన్నట్టు. జబ్బు పేరు పెట్టేది డాక్టరే, కానీ ఆ కాస్ట్‌ని పట్టుకోవాల్సింది మాత్రం మీ పాప కన్నే. లైటు ఎక్కువైతే కాస్ట్‌లు సరిగ్గా కనబడవు, శాంపిల్ రెండు గంటలు దాటి బయట ఉంటే అవి కరిగిపోవడం మొదలవుతుంది, పని సరిగ్గా రానివాళ్లు అక్కడే "నిల్" రాసేస్తారు.

మనకి పక్కనే ఆంధ్రాలో శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి, సోంపేట వైపు కిడ్నీ జబ్బు ఎంతుందో మీకు నేను చెప్పక్కర్లేదు, పలాసలో 2023లో కిడ్నీ ఆసుపత్రి కూడా వచ్చింది. ఒక్కటి మాత్రం పాప ఇప్పట్నుంచే గుర్తుపెట్టుకోవాలి, ఆ తరహా జబ్బులో యూరిన్‌లో ప్రొటీన్ తక్కువే, స్లైడ్ మీద కూడా పెద్దగా ఏం కనబడకపోవచ్చు, అందుకే బ్లడ్‌లో క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం) చూడకుండా కిడ్నీ బాగుందని అనెయ్యకూడదు.

కోర్సు సంగతికొస్తే డీఎంఎల్‌టీ రెండేళ్లు, డబ్బు కుదిరితే మాత్రం డిగ్రీ బీఎంఎల్‌టీయే చేయించండి, ముందుకి దారి ఉంటుంది. ఇంకో ముఖ్యమైన మాట, ఒడిశా గవర్నమెంట్ ఉద్యోగానికి ఒడియా చదవడం రాయడం రావాలి, ఎంఈ స్టాండర్డ్ (ఏడో తరగతి స్థాయి) ఒడియా పాసై ఉండాలి, తెలుగు మీడియంలో చదివిన పిల్లలు చాలామంది ఇక్కడే ఆగిపోతున్నారు, పాపకి ఆ సర్టిఫికెట్ ఉందో లేదో ముందే చూడండి. ఆంధ్రా వైపు చెయ్యాలనుకుంటే ఒడిశాలో చేసిన కోర్సుతో అక్కడ రిజిస్ట్రేషన్ అవుతుందా అన్నది కూడా అడ్మిషన్‌కి ముందే కనుక్కోండి, చేరాక కాదు.

బరంపురమైనా ఇంకెక్కడైనా, ఫీజు కట్టేముందు పాపతో కలిసి కాలేజీ ల్యాబ్‌లోకి వెళ్లండి, ఎంతమంది పిల్లలకి ఒక మైక్రోస్కోప్, ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలో, అక్కడ రోజుకి ఎన్ని శాంపిల్స్ వస్తాయి అని అడగండి, ల్యాబ్ చూపించడానికి వెనకాడితే ఆ కాలేజీ వద్దు.