మడ అడవి బురదలోని బ్యాక్టీరియా వేసవికీ వానాకాలానికీ మారుతుందా?

బరంపురంలో ఎమ్మెస్సీ చేస్తున్నానని, ఒడిశా తీరంలోని భితరకనిక మడ అడవి బురద మీద ప్రాజెక్టుకి వేసవిలో ఒక్కసారి మట్టి తెచ్చుకుంటే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. నాదీ బరంపురమే. నేను రెండుసార్లు తెచ్చి కూడా బోల్తా పడ్డాను.

ఏప్రిల్‌లో వెళ్లినప్పుడు ఆటు వేళ. నీళ్లు దిగిపోయి కాలువ ఒడ్డు బయటపడింది, అక్కడే తవ్వాను. ఆగస్టులో అదే చోటు నడుము లోతు నీళ్లలో ఉంది. పడవాయన ఒడియాలో "మొసళ్లున్నాయి, దిగొద్దు" అని గదమాయించాడు. సరే అని కాస్త మెరక మీద దొరికిన బురద సంచిలో వేసుకొచ్చాను. రెండు కాలాల బ్యాక్టీరియా లెక్కల్లో బోలెడు తేడా! తెగ సంబరపడ్డాను. వైవాలో (ప్రాజెక్టు మౌఖిక పరీక్షలో) ఒక్కటే అడిగారు: ఈ తేడా కాలానిదా, చోటుదా? నోరు పెగల్లేదు.

చోటు ఒక్కటే కాదు, లోతు కూడా చూసుకోవాలి. మడ బురద పైన కొద్ది మిల్లీమీటర్లు గోధుమ రంగులో ఉంటుంది, కింద నల్లగా ఉంటుంది. పైపొరకే గాలి అందుతుంది. కింద, సముద్రపు నీటి ఉప్పుల్లో ఉండే సల్ఫేట్‌ని వాడుకుని బతికే బ్యాక్టీరియాది రాజ్యం. కుళ్లిన గుడ్డు వాసన అవి వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్‌దే; అది ఇనుముతో కలిస్తే ఆ నలుపు. నేను రెండు పొరలూ కలిపేసి ఒకే సంచిలో వేశాను. రైలు ఆలస్యమై, ల్యాబుకి తాళం పడితే ఆ సంచి ఇంట్లో ఫ్రిజ్‌లో ఇడ్లీ పిండి పక్కన పెట్టాను. మా అమ్మ ఆ పిండి మొత్తం పారబోసింది.

ఇక కాలం సంగతి. అక్కడ కాలం మారడమంటే ముందు ఉప్పు మారడమే. లీటరు సముద్రపు నీటిలో సుమారు 2.7 గ్రాముల సల్ఫేట్ ఉంటుంది. వానాకాలంలో బ్రాహ్మణి, బైతరణి నదులు మంచినీళ్లు తెచ్చి పోస్తే అది పలచబడుతుంది. సల్ఫేట్ తగ్గినకొద్దీ మీథేన్ తయారుచేసేవాటికి చోటు దొరుకుతుంది. అవి బ్యాక్టీరియా కావు, ఆర్కియా అనే వేరే రకం సూక్ష్మజీవులు. డీఎన్‌ఏ పని చేసేట్టయితే ప్రైమర్లు (కావలసిన డీఎన్‌ఏని వెతికి పట్టే చిన్న ముక్కలు) వాటినీ పట్టుకుంటాయో లేదో ముందే చూసుకోండి. ఇంకో మెలిక: పైన నీళ్లు చప్పబడ్డంత తొందరగా లోపలి బురద చప్పబడదు. కాబట్టి కాలువ నీటి ఉప్పు కొలిచి ఊరుకోకుండా, బురదలో ఊరిన నీటి ఉప్పు కూడా కొలవండి.

నా ఇంకో తప్పు ఆగార్ దగ్గర, అంటే ప్లేట్లలో బ్యాక్టీరియాని పెంచే జెల్లీ లాంటి తిండి దగ్గర. రెండు కాలాల మట్టికీ సముద్రపు ఉప్పున్న జోబెల్ మెరైన్ ఆగారే పోశాను. ఆగస్టు ప్లేట్లలో కాలనీలు (బ్యాక్టీరియా పెరిగి కనబడే చుక్కలు) తక్కువొచ్చాయి. ఉప్పు సగానికి తగ్గించి మళ్లీ పోస్తే చాలా పెరిగాయి. అంటే బ్యాక్టీరియా చచ్చిపోలేదు, నేను పెట్టిన తిండి వాటికి సరిపడలేదు, అంతే. అసలు బురదలో ఉన్నవాటిలో ప్లేటు మీద పెరిగేవే కొద్ది.

వానలు వెనకబట్టాక నవంబరులో మూడోసారి తెచ్చుకోగలిగితే మంచిది. తుఫాను వచ్చిన ఏడాదైతే ఆ తేదీ తప్పకుండా రాసుకోండి. 2024 అక్టోబరులో దానా తుఫాను అక్కడికి దగ్గర్లోనే తీరం దాటింది. రాలిన ఆకంతా బురదలోకి చేరితే బ్యాక్టీరియాకి పండగే, దాన్ని మీరు వానల ఖాతాలో వేసేస్తారు.

వెళ్లిన ప్రతిసారీ ఆటుపోట్ల పట్టిక చూసుకుని ఆటు వేళకే చేరండి, అదే గుర్తు దగ్గర, అదే లోతులో తీయండి. డీఎన్‌ఏకి వేరే గొట్టంలో తీసి గడ్డకట్టించండి. ప్లేట్లకి వాడేది ఐసులో చల్లగా ఉంటే చాలు, గడ్డకట్టనివ్వద్దు. మొసళ్లు గుడ్లు పెట్టే మే నుంచి జులై దాకా పార్కు పర్యాటకులకు మూసి ఉంటుంది, కాబట్టి వేసవి మట్టి ఏప్రిల్‌లోనే తీసేలా అటవీ శాఖ అనుమతికి అర్జీ ముందే పెట్టుకోండి.