కవలలకు తల్లిపాలు: ఏడో నెలలోనే చేసుకోవాల్సిన ఏర్పాట్లు

ప్రశ్న: డల్లాస్ వచ్చి ఏడాది దాటింది. నాకు ఏడో నెల, కడుపులో కవలలు. ఇద్దరికీ నా పాలు చాలుతాయా? మా అమ్మ వస్తోంది కానీ ఆవిడకు తల్లిపాలు తీసే పంపు అంటే ఏమిటో తెలియదు. మూడు నెలలకల్లా నేను మళ్లీ ఉద్యోగానికి వెళ్లాలి.

జవాబు: చెల్లీ, ఇద్దరికీ కడుపునిండా తన పాలే ఇచ్చిన తల్లులు ఎంతోమంది ఉన్నారు. కొందరికి కాస్త ఫార్ములా (డబ్బా పాలు) తోడు కావాలి. నువ్వు ఏ కోవలోకి వస్తావో ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. ఒక్కటి మాత్రం ముందే తెలుసుకో. పాలు పెరగడం అన్నిటికంటే ఎక్కువగా ఆధారపడేది రొమ్ము రోజుకు ఎన్నిసార్లు ఖాళీ అవుతోందన్న దానిమీద. నువ్వేం తింటున్నావన్నది ఆ తర్వాతి సంగతి. ముఖ్యంగా మొదటి రెండు మూడు వారాల్లో ఎంత తీస్తే శరీరం అంత తయారుచేయడం నేర్చుకుంటుంది. కాబట్టి ఆ రోజుల్లో పిల్లలకు పాలివ్వడం, పంపు చేయడం, తినడం, పడుకోవడం నీ పని. మిగతాదంతా ఇంట్లోవాళ్ల పని. ఈ మాట మీ ఆయనతో, మీ అమ్మగారితో కాన్పుకు ముందే మాట్లాడుకోండి.

పంపు సంగతి ఈ వారమే మొదలుపెట్టు. 2010లో వచ్చిన అఫర్డబుల్ కేర్ చట్టం వల్ల దాదాపు అన్ని ఇన్సూరెన్సులూ పంపు, లాక్టేషన్ కన్సల్టెంట్ (పాలు పట్టడం నేర్పే నిపుణురాలు) సాయం ఇవ్వాలి. కొన్ని కంపెనీలు కాన్పు తేదీ దగ్గరపడితే తప్ప పంపు పంపవు. ఈ దేశంలో కవలల్లో సగానికి పైగా 37 వారాలు నిండకుండానే పుడతారు. ఆ సంగతి చెప్పి, డాక్టర్ దగ్గర ప్రిస్క్రిప్షన్ తీసుకుని ముందే తెప్పించుకో. హాస్పిటల్ గ్రేడ్ పంపు (ఆసుపత్రుల్లో వాడే బలమైన పంపు) అద్దెకు ఇస్తారా అని కూడా అడుగు. కవలలకు, అందులోనూ నెల తక్కువ పిల్లలకు, మొదటి నెలల్లో అది చాలా మేలు. పంపుతో వచ్చే, రొమ్ముకు ఆనించే గరాటు సైజు అందరికీ సరిపోదు. నొప్పి పుడుతున్నా, చనుమొన గరాటు గోడకు రాసుకుంటున్నా సైజు మార్చాలి. హాస్పిటల్‌లో కన్సల్టెంట్ చేత కొలిపించుకో. నొప్పిని ఓర్చుకుంటూ పంపు చేస్తే పాలు సరిగా చేపవు.

ఇక కాన్పు అయ్యాక. మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు. చెంచాడు వచ్చినా విలువైనవే, పారబోయనివ్వద్దు. ఆ చిక్కటి చుక్కలు పంపుకంటే చేత్తో పిండితేనే బాగా వస్తాయి. పిల్లలను ఎన్ఐసీయూలో (పసిపిల్లల ఐసీయూలో) పెడితే కంగారుపడకు. నీ ఒంట్లో ఓపిక రాగానే, వీలైతే మొదటి కొన్ని గంటల్లోనే, నర్సును పంపు అడుగు. రోజుకు 8 సార్లకు తగ్గకుండా, రాత్రి కనీసం ఒకసారైనా చేయాలి. మా కవలలు 35 వారాలకే పుట్టారు. సిరంజిలో తీసిన ఆ చుక్కలనే నర్సులు ఇద్దరికీ పంచి పట్టేవారు. నీ పాలు అందేలోపు దాతల పాలు ఇద్దామా అని కొన్ని ఆసుపత్రులు అడుగుతాయి. అవి పరీక్ష చేసి, పాశ్చరైజ్ చేసిన (వేడిచేసి క్రిములు పోగొట్టిన) పాలు. పరాయి తల్లి పాలా అని మీ అమ్మగారు వెనకాడితే, మన హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలోనూ తల్లిపాల బ్యాంకు ఉందని చెప్పు.

పాలు పడటానికి 2 నుంచి 5 రోజులు పడుతుంది, సిజేరియన్ అయితే ఇంకొంచెం ఆలస్యం కావచ్చు. ఈలోపు పిల్లల బరువు కొంత తగ్గడం మామూలే. 10 శాతం దాకా తగ్గితే డాక్టర్ వెంటనే చూడాలి. రెండు వారాల్లో పుట్టిన బరువుకు తిరిగి రావాలి. పాలు అందుతున్నాయా లేదా అన్నది ఏడుపును బట్టి కాదు, డైపర్లను బట్టి తెలుసుకో. అయిదో రోజు నుంచి ఒక్కొక్కరికి రోజుకు 6 తడి డైపర్లకు తగ్గకూడదు. ఇద్దరివీ కలిపి లెక్కపెడితే పొరపాటు తెలియదు. ఒక కాగితం మీద విడివిడిగా రాయమని మీ ఆయనకు అప్పగించు.

నెల తక్కువ పిల్లలు నిద్రమత్తులో ఉంటారు, ఆకలికి లేవరు. మూడు గంటలకోసారి లేపి పట్టాల్సిందే. మొదట ఒక్కొక్కరినే పట్టు. వాళ్లకు చనుమొన అందుకోవడం వచ్చాక ఇద్దరినీ కలిపి పట్టొచ్చు. చెరో చంక కింద ఒకరు, కాళ్లు నీ వీపు వైపు, తలలు నీ అరచేతుల్లో. కవలల దిండు ఉంటే చేతులకు ఊరట. ఒకరు గట్టిగా తాగుతారు, ఇంకొకరు నాలుగు గుక్కలకే అలసిపోతారు. ఎవరికి ఏ వైపన్నది మారుస్తూ ఉండు, గట్టిగా తాగేవాళ్ల వల్ల రెండు వైపులా పాలు పెరుగుతాయి. మా అబ్బాయి ఇంటికి రాగానే పట్టేశాడు, అమ్మాయికి నెల పైనే పట్టింది. ఆ నెలంతా పంపు పాలే సీసాతో తాగింది. పంపు పాలు కూడా నీ పాలే.

రొమ్ము పట్టడం, చాలకపోతే సీసాతో పట్టడం, ఆ తర్వాత పంపు చేయడం, ఈ మూడూ ప్రతిసారీ చేస్తే గంటన్నర పోతుంది. మళ్లీ మూడో గంటకు మొదలు. ఒంటరిగా ఇది ఎన్నాళ్లో సాగదు. మీ అమ్మగారి చేయి ఇక్కడే కావాలి. పంపు భాగాలు నేరుగా సింకులో వేయకుండా, వాటికని పెట్టుకున్న గిన్నెలో సబ్బుతో ప్రతిసారీ కడగాలి. పిల్లలకు రెండు నెలలు నిండేదాకా, నెల తక్కువ పిల్లలైతే ఇంకా కొన్నాళ్లు, రోజుకోసారి 5 నిమిషాలు మరిగించాలి. రెండు సెట్ల భాగాలుంటే రాత్రిళ్లు నీకు నిద్ర దక్కుతుంది.

పథ్యం విషయంలో అమ్మతో గొడవ పెట్టుకోవద్దు. మా అమ్మది తణుకు. ఆవిడ చేసిన వెల్లుల్లి కారం, మునగాకు పప్పు నాకు బలాన్నిచ్చాయి. బాలింతకు నీళ్లు తగ్గించాలన్న మాట మాత్రం వినకు, దాహం వేసినప్పుడల్లా తాగు. మెంతులు తాలింపులో ఫర్వాలేదు. మెంతి క్యాప్సూల్స్ మింగేముందు, ముఖ్యంగా షుగర్ మందులు వాడుతుంటే, డాక్టర్‌ను అడుగు. పిల్లల నాలుకకు తేనె రాయడం ఏడాది నిండేదాకా వద్దే వద్దు, బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు రావచ్చు. ఆర్నెల్లదాకా మంచినీళ్లు కూడా అక్కర్లేదు. తల్లిపాలు తాగే పిల్లలకు రోజూ 400 యూనిట్ల విటమిన్ డి చుక్కలు వేయాలి. నెల తక్కువ పిల్లలకు ఐరన్ ఎప్పుడు మొదలుపెట్టాలో పిడియాట్రీషన్ చెబుతారు.

రొమ్ములో పాలు గడ్డకట్టినట్టుంటే వేడి కాపడం పెట్టి గట్టిగా పిసకడం మనకు అలవాటు. ఇప్పుడు డాక్టర్లు చెప్పేది వేరు. గట్టిగా మర్దన చేస్తే వాపు పెరుగుతుంది. చల్లటి ప్యాక్ పెట్టు, మామూలుగా పట్టినట్టే పట్టు, గడ్డ పోవాలని అదనంగా పంపు చేయకు. జ్వరం, వణుకు వస్తే ఆ రోజే డాక్టర్‌కు ఫోన్ చెయ్యి.

పిండిన పాలు గదిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు, ఫ్రీజర్‌లో ఆరు నెలలు బాగుంటాయి. పిల్ల నోరు పెట్టిన సీసాలో మిగిలినవి 2 గంటల్లో వాడాలి. కరిగించిన పాలను మళ్లీ గడ్డకట్టించకూడదు. మైక్రోవేవ్ అసలే వద్దు, గోరువెచ్చటి నీళ్లలో సీసా పెడితే చాలు. ఎన్ఐసీయూకి తీసుకెళ్లే పాలకు ఆసుపత్రి నియమాలే పాటించు.

ఉద్యోగం గురించి. 2022 డిసెంబర్‌లో వచ్చిన పంప్ చట్టం ప్రకారం, కాన్పు తర్వాత ఏడాదిదాకా పాలు తీసుకోవడానికి అవసరమైనప్పుడల్లా విరామం, బాత్రూమ్ కాని మరుగైన చోటు యజమాని ఇవ్వాలి. హెచ్1బి (ఉద్యోగ వీసా) మీద ఉన్నవాళ్లకూ ఈ హక్కు ఉంది, అడగడానికి భయపడకు. సెలవు విషయంలో, ఆ కంపెనీలో నీకు 12 నెలలు, 1250 గంటలు నిండి, నువ్వు పనిచేసే చోటికి 75 మైళ్ల లోపు 50 మంది ఉద్యోగులుంటే, జీతం లేని 12 వారాల సెలవు చట్టప్రకారం దొరుకుతుంది. తేదీలు ఇప్పుడే హెచ్ఆర్‌తో మాట్లాడు.

ఫార్ములా కావాల్సి వస్తే ఇవ్వు, గిల్టీగా అనుకోకు. నెల తక్కువ పిల్లలకు, ఇంకా రెండు నెలలు నిండని పిల్లలకు, పొడి కంటే సీసాలో తయారుగా దొరికే ద్రవ ఫార్ములా క్షేమం, ఎందుకంటే పొడిలో సూక్ష్మజీవులు పూర్తిగా లేకుండా చేయలేరు. సగం నీ పాలు, సగం ఫార్ములా తాగి ఆరోగ్యంగా పెరిగిన కవలలు మన చుట్టూ ఉన్నారు. పంపు చూస్తేనే ఏడుపు వస్తున్నా, రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోయినా పాల సంగతి పక్కన పెట్టి ముందు డాక్టర్‌తో ఆ మాట చెప్పు. తల్లుల కోసం ప్రభుత్వం నడిపే ఉచిత హెల్ప్‌లైన్ 1-833-852-6262, రాత్రీ పగలూ మాట్లాడొచ్చు.

మీ అమ్మగారు ఆసుపత్రిలో నీ పక్కన ఉంటారు కదా. కన్సల్టెంట్ వచ్చినప్పుడు తెలుగు దుభాషి కావాలని అడుగు, డబ్బు తీసుకోకుండా ఫోన్‌లోనో వీడియోలోనో ఏర్పాటు చేస్తారు. పంపు భాగాలు ఎలా విప్పాలో, ఎలా కడగాలో ఆవిడ తన చేత్తో అక్కడే ఒకసారి చేసి చూడాలి.