కార్-టీ ఒక్కసారి ఎక్కిస్తే చాలంట.. మాత్రలు ఆపేయొచ్చా డాక్టర్ గారూ?

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ. మా బాబుకి 6 ఏళ్లు. పోయినేడు బ్లడ్ క్యాన్సర్ అని తేలింది, బి-సెల్ ఏఎల్ఎల్ అన్నారు. మొదటి నెల కీమో అయ్యాక ఎంఆర్‌డీ (మిగిలిపోయిన క్యాన్సర్ కణాల్ని వెతికే టెస్టు) నెగెటివ్ వచ్చింది. ఇప్పుడు మెయింటెనెన్స్‌లో, అంటే జబ్బు తిరగబెట్టకుండా మందులు వాడే దశలో, రోజూ 6-ఎంపీ, వారానికోసారి మెథోట్రెక్సేట్ మాత్రలు వేస్తున్నాం, ఇంకో ఏడాది పైనే వెయ్యాలట. పిల్లాడు గెంతుతున్నాడు కదా ఇంకా ఎందుకీ విషం అంటున్నారు మా అత్తయ్య గారు. అమెరికాలో ఉన్న మా మరిదేమో కార్-టీ అనే కణాల చికిత్స ఒక్కసారి ఎక్కిస్తే జబ్బు పోతుందని వీడియో పంపాడు. అప్పు చేసైనా చేయించమంటారా? - ఒక తల్లి, తెనాలి

జవాబు: అప్పు చెయ్యొద్దమ్మా. ముందు ఆ మాట చెప్పేస్తే మీరు కాస్త ఊపిరి తీసుకుంటారని.

మీ మరిది పంపిన వీడియో అబద్ధమేం కాదు. 2012లో ఫిలడెల్ఫియా పిల్లల హాస్పిటల్‌లో ఎమిలీ వైట్‌హెడ్ అనే పాపకి ఇలాగే చేశారు, పాపకి అప్పుడు మీ బాబు వయసే, కాకపోతే ఆ పాపకి జబ్బు రెండుసార్లు తిరగబెట్టి కీమోకి లొంగని స్థితిలో ఉంది. ఒంట్లోంచి టీ కణాలు (రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు) తీసి, క్యాన్సర్ కణం మీద ఉండే సీడీ19 అనే గుర్తుని పట్టుకునేలా ల్యాబ్‌లో వాటి జన్యువులు మార్చి, మళ్లీ రక్తంలోకి ఎక్కించారు. ఎక్కించాక ఐసీయూలో వెంటిలేటర్ మీద ప్రాణం మీదకి వచ్చి బయటపడింది, షేర్ అయ్యే వీడియోల్లో ఆ ముక్క మాత్రం ఉండదు. ఇప్పుడు బాగుంది. మన దేశంలో కూడా ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ వాళ్ల కృషితో వచ్చిన నెక్స్‌కార్19 అనే కార్-టీ చికిత్సకి 2023లో పర్మిషన్ వచ్చింది, విదేశాల్లో కోట్లు అయ్యేది ఇక్కడ లక్షల్లోకి దిగింది. కానీ ఆ పర్మిషన్ 15 ఏళ్లు నిండినవాళ్లకి, అదీ జబ్బు తిరగబెట్టినవాళ్లకి లేదా మందులకి లొంగనివాళ్లకి. మీ వాడి జబ్బు మందులకి లొంగింది కదా. ఎంఆర్‌డీ నెగెటివ్ అంటే సాధారణంగా పదివేల కణాల్లో ఒక్క క్యాన్సర్ కణం కూడా కనపడలేదని. ఇప్పుడు కార్-టీ అంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

ఇక అత్తయ్య గారి మాట. ఆవిడ బాధ నాకు అర్థమవుతుంది, ఎదురుగా పిల్లాడు బానే ఉంటే మాత్ర నోట్లో పెట్టాలంటే ఎవరికైనా మనసొప్పదు. కానీ నెగెటివ్ అంటే టెస్టుకి చిక్కలేదని అర్థం, సున్నా అని కాదు, ఎక్కడో నక్కిన నాలుగు కణాల్ని లేవకుండా తొక్కిపెట్టి ఉంచడానికే ఈ రెండేళ్ల మాత్రలు. అమెరికాలో మందు డబ్బా మూతకి చిప్ పెట్టి, మూత ఎప్పుడు తెరిచారో లెక్క రాసి చూశారు, 6-ఎంపీ వంద రోజుల్లో 95 రోజులైనా వెయ్యని పిల్లల్లో జబ్బు తిరగబెట్టడం బాగా ఎక్కువైంది. అంటే నెలకి రెండు రోజులు మర్చిపోయినా లెక్కలోకి వచ్చేస్తుంది చూడండి.

ఆ మెథోట్రెక్సేట్‌ని విషం అనే ముందు అత్తయ్య గారికి ఒక సంగతి చెప్పండి. దానికి అన్నలాంటి మందు అమినోప్టెరిన్, అది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి టీమ్ అమెరికాలో తయారుచేసింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టర్ దాన్ని లుకేమియా పిల్లలకి ఇచ్చి 16 మందిలో 10 మందికి కొన్నాళ్ల పాటు గుణం కనపడిందని 1948లో రాశాడు, అప్పటిదాకా ఈ జబ్బు వచ్చిన పిల్లలకి ఏ మందూ లేదు. సుబ్బారావు గారు అదే ఏడాది పోయారు.

కొత్తది ఏదైనా మీ బాబులాంటి పిల్లలకి నిజంగా దగ్గరైంది అంటే బ్లినాటుమోమాబ్ అనే మందు. పంపుతో 28 రోజులు ఆగకుండా ఎక్కిస్తారు. మామూలు రిస్క్ ఉన్న పిల్లల్లో కీమోకి దీన్ని కలిపితే మూడేళ్లకి జబ్బు లేకుండా ఉన్నవాళ్లు 87.9 శాతం నుంచి 96 శాతానికి పెరిగారని 2024 డిసెంబర్‌లో రిజల్ట్ వచ్చింది. కానీ అది మొదటి నెలల్లో కీమో మధ్యలో ఇచ్చేది, మీ బాబు ఆ దశ దాటేశాడు. ఇంకోటి, ఆ పిల్లలు కూడా తర్వాత ఇవే మాత్రలు వేసుకున్నారు, మానలేదు.

మీరు అడగలేదు గానీ, 6-ఎంపీతో రక్తకణాల కౌంట్ మరీ పడిపోతుంటే మీ అంతట మీరు ఆపకుండా మీ డాక్టర్ని ఎన్‌యూడీటీ15, టీపీఎంటీ జన్యు టెస్టుల గురించి అడగండి, ఎన్‌యూడీటీ15 జన్యువులో తేడా మన ఆసియా వాళ్లలో ఎక్కువ, అది ఉంటే డోసు తగ్గించి ఇస్తారు. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే, ఆ రోజుని క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో రాయండి, పొరపాటున రోజూ వేస్తే ప్రాణాపాయం. జ్వరం 100.4 దాటిందంటే ఇంట్లో పారాసెటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు, అర్ధరాత్రైనా హాస్పిటల్‌కి బయల్దేరండి. స్కూల్లో ఎవరికైనా ఆటలమ్మ పోసిందని తెలిస్తే పొక్కులొచ్చేదాకా ఆగకుండా అదే రోజు మీ డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి.