గ్రేట్ వైట్ వే: తెలుపు ఎక్కడిది?

ప్ర: పరిషత్తు నాటకాలకు వ్యాఖ్యానం రాస్తుంటాను. ఇంగ్లిషు పత్రికలు బ్రాడ్‌వేని ‘ది గ్రేట్ వైట్ వే’ అంటాయి. అక్కడ అంత తెల్లగా ఉన్నదేమిటండీ? మంచా?
– ఒక పాఠకుడు, మద్దిలపాలెం, విశాఖపట్నం

జ: మంచు కాదండీ, దీపాలు. బ్రాడ్‌వే న్యూయార్క్‌లో మన్‌హటన్ పొడుగునా సాగే పాత రోడ్డు, నాటకశాలలకు పేరుపడ్డది. 1880 డిసెంబరు 20న ఆ రోడ్డు మీద 14వ వీధి నుంచి 26వ వీధి దాకా ఛార్లెస్ బ్రష్ తయారు చేసిన ఆర్క్ దీపాలు వెలిగాయి. అంతవరకూ జనం చూసింది గ్యాస్ దీపాల పసుపు వెలుగే. ఆర్క్ దీపానిది నీలిఛాయ కలిసిన తెలుపు, తలెత్తి నేరుగా చూడలేనంత తీక్షణం. అందుకే అది ఇళ్లలోకి రాలేదు, వీధులకే సరిపోయింది.

ఆ దీపం పనితీరు తెలిస్తే పేరులోని తెలుపు అర్థమవుతుంది. రెండు కార్బన్ కడ్డీల కొనలు తాకించి కాస్త ఎడం చేస్తే, ఆ సందులో కరెంటు మంటలా నిలుస్తుంది, కొనలు తెల్లగా కాగి వెలుగునిస్తాయి. కాలేకొద్దీ కడ్డీలు అరుగుతాయి, సందు పెరుగుతుంది, మరీ పెరిగితే దీపం ఆరిపోతుంది. అందుకని అరిగినంత మేర కడ్డీని కిందికి దించే విద్యుదయస్కాంతం దీపంలోనే ఉండేది. పూర్తిగా అరిగినవాటిని మాత్రం మనిషి వచ్చి మార్చాల్సిందే. దీపాలన్నీ ఒకే సిరీస్ లైను మీద ఉండేవి కాబట్టి ఒకటి ఆరితే వరుసంతా ఆరిపోవాలి. చెడిన దీపాన్ని తప్పించి కరెంటును ముందుకు పంపే ఏర్పాటు బ్రష్ దీపంలో ఉంది. వీధి దీపంగా అది నిలబడిందంటే ఆ చిన్న ఏర్పాటు పుణ్యమే. మన జగదాంబ జంక్షన్ వైపు పాత సినిమా హాళ్లలో పనిచేసిన ఆపరేటర్లకు ఇదంతా కొత్త కాదు. జినాన్ దీపాలు రాకముందు ప్రొజెక్టర్‌లో వెలిగిందీ కార్బన్ ఆర్కే. సందు సరిగా సర్దకపోతే తెర మీద బొమ్మ మసకబారేది.

ఇక్కడొక పొరపాటు చాలామంది రాస్తున్నారు. దీపాలు 1880లో వచ్చాయి గనక పేరూ అప్పుడే పుట్టిందంటారు. పేరు పత్రికలకెక్కింది 1901–02 ప్రాంతంలో. అంటార్కిటికా యాత్ర మీద 1901లో వచ్చిన ఒక ఇంగ్లిషు నవలకు ఇదే పేరు. అక్కడినుంచి పత్రికలవాళ్లు తీసుకుని బ్రాడ్‌వేకి తగిలించారన్నది ఎక్కువమంది చెప్పే మాట. ముందుగా వాడిందెవరన్న దాని మీద మాత్రం వాదాలున్నాయి. మీ వ్యాఖ్యానంలో ఒక వ్యక్తి పేరు గట్టిగా చెప్పకండి. అప్పటికి ఆర్క్ దీపాలకు తోడు బల్బుల ప్రకటన బోర్డులు కూడా చేరాయి. అలాంటి పెద్ద బోర్డు మాడిసన్ స్క్వేర్ దగ్గర 1892లోనే వెలిగింది. నాటకశాలలు క్రమంగా ఉత్తరానికి జరిగి, 1904లో టైమ్స్ స్క్వేర్ అని పేరు మారిన లాంగేకర్ స్క్వేర్ చుట్టూ స్థిరపడ్డాయి, వాటి వెంట పేరూ నడిచింది. 1920లలో రంగురంగుల నియాన్ వచ్చి తెలుపు వెనకబడినా పేరు మారలేదు.

ప్ర: బ్రాడ్‌వే నాటకశాలలన్నీ ఆ వీధిలోనే ఉంటాయా?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార

జ: లేవు. బ్రాడ్‌వే రోడ్డుకు ముఖం పెట్టినవి కొన్నే, ఎక్కువ భాగం 41వ వీధికీ 54వ వీధికీ మధ్య అడ్డవీధుల్లో ఉన్నాయి. లింకన్ సెంటర్‌లోని వివియన్ బోమాంట్ థియేటర్ అయితే 65వ వీధి దగ్గర ఉండి కూడా బ్రాడ్‌వే లెక్కలోదే. ఇక్కడ లెక్క కుర్చీలది: సుమారు 500, ఆపైన సీట్లుంటే బ్రాడ్‌వే, 100 నుంచి 499 అయితే ఆఫ్ బ్రాడ్‌వే, అంతకు తక్కువైతే ఆఫ్ ఆఫ్ బ్రాడ్‌వే. అందువల్ల 200 సీట్ల హాల్లో ఆడిన నాటకాన్ని పరిచయం చేస్తూ ‘గ్రేట్ వైట్ వేలో ప్రదర్శితం’ అంటే తప్పు, అది న్యూయార్క్‌లో ఆడినా సరే. కరపత్రం అచ్చుకిచ్చే ముందు థియేటర్ పేరు అడిగి సీట్ల సంఖ్య చూసుకోండి.

ప్ర: తెలుగులో ఏమని రాయాలి? ‘శ్వేత మహాపథం’ బాగుంటుందా?
– ఒక నాటక సమాజం కార్యదర్శి, పెదవాల్తేరు

జ: వద్దు. అది వింటే మనవాళ్లకు పాండవుల మహాప్రస్థానమే గుర్తొస్తుంది, దీపాలు గుర్తుకు రావు. మొదటిసారి ‘దీపాల వెలుగుకు గ్రేట్ వైట్ వే అని పేరుపడ్డ బ్రాడ్‌వే’ అనండి, తర్వాత ఉత్త బ్రాడ్‌వే చాలు. ఇంగ్లిషులోనూ ఇది రోజువారీ మాట కాదు. బ్రాడ్‌వే అన్న మాట ఒకే పేరాలో మళ్లీ మళ్లీ రాకుండా విలేఖరులు వాడతారు, కాస్త పాతకాలపు సొగసు. చిరునామాగా వాడరు. ‘గ్రేట్ వైట్ వే, 45వ వీధి’ అని ఎవరూ రాయరు.

దీపాల మాట ఇంకో రెండు ప్రయోగాల్లో వస్తుంది, కలిపేసుకోకండి. థియేటర్ ‘డార్క్’ అంటే ఆ రోజు ఆట లేదని. ప్రముఖులు పోయినప్పుడు థియేటర్ ముంగిట దీపాలను ఒక నిమిషం మందగింపజేస్తారు, అది నివాళి, ఆట ఆగదు. 2020 మార్చి 12న మహమ్మారి వల్ల మూతపడడం ఈ రెండింటికీ భిన్నం, ప్రదర్శనలే నిలిచిపోయాయి.

ప్ర: ‘వైట్’ అంటే తెల్లజాతి అని ఒక మిత్రుడంటున్నాడు.
– ఒక పాఠకుడు, గాజువాక

జ: పుట్టుక దీపాలదే. కానీ నల్లజాతి కళాకారులకు అక్కడ చోటు దక్కలేదన్న విమర్శ చేసేటప్పుడు అమెరికాలో ఈ పేరునే శ్లేషగా ప్రయోగిస్తారు. నల్లజాతి స్త్రీ రాసిన నాటకం బ్రాడ్‌వే ఎక్కడానికి 1959 దాకా పట్టింది, ఆవిడ లొరెయిన్ హాన్స్‌బెర్రీ. కాబట్టి ఆమె నాటకాన్ని మీ వేదిక మీద పరిచయం చేసే వాక్యంలో ఈ మారుపేరు పెట్టకండి, బ్రాడ్‌వే అనే అనండి.