కఠినమైన తాళాల వైపు చూస్తున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. తాళంచెవి లేకుండా పిక్‌తో, అంటే లోపలి పిన్నులను కదిలించే సన్నటి కడ్డీతో, తెరిచే సాధనలో మామూలు తాళంకప్పలు చేతికి లొంగుతున్నాయనీ, స్పూల్ పిన్నులు (చేతిని మోసగించే పిన్నులు) ఉన్నాయని నీవు అనుమానిస్తున్న తాళం మాత్రం వారాలుగా తెరుచుకోవడం లేదనీ, దాన్ని పక్కన పెట్టి ఏకంగా మెడెకో అనే సంస్థ చేసే కఠినమైన తాళం ఒకటి కొనాలనుకుంటున్నావనీ రాశావు. కొనడం నీ ఇష్టం. కానీ ఆ తెరుచుకోని తాళాన్ని పక్కన పెట్టవద్దని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. కఠినమైన తాళంలో ఉండేది ఒకే పెద్ద కష్టం కాదు. విడిగా చూస్తే అర్థమయ్యే చిన్న కష్టాలను కొన్నింటిని దాని తయారీదారు ఒకే ఒంటిలో కలిపి పెట్టాడు. వాటిని విడదీసి, ఒక్కొక్కదాన్నీ వేలితో గుర్తుపట్టడం నేర్చుకున్నవారికే అది తెరుచుకుంటుంది. నిన్ను ఆపుతున్న తాళంలో అటువంటి కష్టాలు బహుశా రెండే ఉన్నాయి. మెడెకోలో అవి రెండూ ఉంటాయి, వాటికి తోడు ఇంకొన్నీ ఉంటాయి.

నీకు తెలిసినవే అయినా రెండు కట్టుబాట్లు మళ్లీ రాస్తాను. నీ సొంతం కాని తాళాన్ని, యజమాని స్పష్టంగా అనుమతిస్తే తప్ప, ముట్టుకోకూడదు. వాడుకలో ఉన్న తాళాన్ని, అది నీ ఇంటి తలుపుదే అయినా, సాధనకు వాడకూడదు. లోపల ఒక స్ప్రింగు నలిగినా, పిక్ మొన విరిగి ఇరుక్కున్నా ఆ రాత్రి తలుపు తెరుచుకోదు, లేదా మూసుకోదు. పిక్‌లను వెంట ఉంచుకోవడంపై చట్టాలు ఒక్కో దేశంలో ఒక్కో రకంగా ఉంటాయి కనుక, వాటిని బయటికి తీసుకువెళ్లే ముందు నీవున్న చోటి నిబంధన తెలుసుకో. ఈ విషయంలో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను.

ఇక అసలు సంగతికి వస్తాను. లైనస్ యేల్ జూనియర్ 1861లో పేటెంటు పొందిన పిన్ టంబ్లర్ తాళమే నేడు ఎక్కువగా కనిపించే తాళాలకు మూలం. అందులో ప్రతి రంధ్రంలో కింద ఒకటి, పైన ఒకటిగా పిన్నులుంటాయి. తాళంచెవి దూరే, తిరిగే భాగమైన ప్లగ్‌కూ, కదలని ఒంటికీ మధ్య సరిహద్దును పై పిన్నులు అడ్డుకుంటాయి. సరైన తాళంచెవి ప్రతి పిన్నుల జతనూ, వాటి మధ్య ఉన్న చీలిక సరిగ్గా ఆ సరిహద్దుకు చేరేంత ఎత్తు లేపుతుంది. రంధ్రాలన్నీ ఒకే సరళరేఖపై, పిన్నులన్నీ ఒకే మందంలో ఉండి ఉంటే మన విద్యకు చోటే ఉండేది కాదు. ఏ కర్మాగారమూ అంత ఖచ్చితంగా చేయలేదు కాబట్టి, ప్లగ్‌పై కొద్దిపాటి తిప్పుడు ఒత్తిడి పెట్టినప్పుడు పిన్నులన్నీ ఒకేసారి బిగుసుకోవు, ఏదో ఒకటి ముందుగా బిగుసుకుంటుంది. దాన్ని సరిహద్దు వరకు లేపితే ప్లగ్ రవ్వంత తిరుగుతుంది, అప్పుడు ఇంకొకటి బిగుసుకుంటుంది. తయారీలో నాణ్యత పెరిగేకొద్దీ ఈ తేడా సన్నబడి, వేలికి అందే సమాచారం తగ్గుతుంది. నేను చెప్పిన కష్టాల్లో మొదటిది ఇది.

రెండవది స్పూల్ పిన్ను. దారపు రీలులాగా నడుము సన్నగా ఉండే ఈ పై పిన్ను సరిహద్దు దగ్గర నడుము వద్ద చిక్కుకుంటుంది. ప్లగ్ కొన్ని డిగ్రీలు తిరిగి, తెరుచుకోబోతున్నట్టే అనిపించి, అక్కడే ఆగిపోతుంది. నీవు వర్ణించిన స్థితి అక్షరాలా ఇదే, కాబట్టి నీ అనుమానం సరైనదే. ఇక్కడ చాలామంది ఇంకా గట్టిగా తిప్పుతారు, దాంతో పిన్ను మరింత బిగుస్తుంది. అలా చేయకుండా పిన్నులను ఒక్కొక్కటిగా మెల్లగా తాకి చూడు. ఏ పిన్నును నొక్కినప్పుడు ప్లగ్ వెనక్కి తిరగడానికి ప్రయత్నిస్తుందో అదే స్పూల్. అప్పుడు తిప్పుడు ఒత్తిడిని సడలించి ప్లగ్‌ను వెనక్కి పోనివ్వాలి, అదే సమయంలో పిన్నును పైకి లేపాలి. ఈ క్రమంలో అంతకుముందు కుదిరిన పిన్నులు ఒకటి రెండు జారిపడవచ్చు. అది ఓటమి కాదు, వాటిని మళ్లీ లేపవలసి ఉంటుంది, అంతే. చుట్టూ సన్నటి గాడులు ఉండే సెరేటెడ్ పిన్నుల స్వభావం వేరు. గాడి గాడికీ టక్కుమని శబ్దం వస్తుంది కానీ ప్లగ్ తిరగదు. అక్కడ శబ్దాన్ని నమ్మకుండా ప్లగ్ కదలికనే నమ్మాలి.

ఇదంతా జరగాలంటే ప్లగ్‌పై తిప్పుడు ఒత్తిడి పెట్టే టెన్షన్ టూల్ పట్టిన వేలు మృదువుగా ఉండాలి, ఈ ఉత్తరంలో నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది దాని గురించే. కొత్తవారు పిక్ పట్టిన చేతిపై మనసంతా పెడతారు. నిజానికి తాళం సమాధానం చెప్పేది రెండవ చేతికి. ఒత్తిడి ఎక్కువైతే పిన్నులన్నీ ఒకేలా బిగుసుకుని ఏది ముందో ఏది తరువాతో తెలియదు. తక్కువైతే కుదిరిన పిన్ను నిలవదు. నిద్రపోతున్న పసిబిడ్డ నుదుటిపై వేలు ఆనించినంత బరువు సాధారణంగా చాలు. తాళంచెవి దూరే సందులో కింది భాగాన పెట్టే టూల్‌తో మొదలుపెట్టావు కనుక ఇప్పుడు పైభాగాన పెట్టే చదునైన టూల్‌ను కూడా అలవాటు చేసుకో. అది పిక్‌కు కింద చోటు వదులుతుంది, స్పూల్ వెనక్కి తిప్పే కదలిక కూడా అందులో ఎక్కువ స్పష్టంగా తెలుస్తుంది. టూల్ సందులో వదులుగా ఊగితే ఆ కదలిక అంతా ఊగులాటలోనే పోతుంది కాబట్టి, బిగువుగా కూర్చునే మందం ఎంచుకో. పిక్‌లలో 0.025 అంగుళాల మందం ఉన్నవి దృఢంగా ఉంటాయి, ఇరుకైన సందులకు 0.015 అంగుళాలవి కావాలి. ఈ రెండు మందాల్లో చెరొక చిన్న హుక్ (మొన కొద్దిగా వంగిన పిక్) ఉంటే చాలు. పెద్ద పెద్ద సెట్ల మీద ఖర్చు పెట్టడం నాకు నచ్చదు.

నీ తాళం విప్పదగినదైతే, తెరిచే వరకు ఆగకుండా తాళంచెవి సాయంతో ఇప్పుడే విప్పు. ప్లగ్‌ను బయటికి నెట్టేటప్పుడు, దాని వెనుకే అదే మందం ఉన్న గుండ్రటి కడ్డీని ఖాళీ రాకుండా తోస్తూ ఉంటే పై పిన్నులూ స్ప్రింగులూ ఎగిరిపోవు. ఇదంతా అంచులున్న పళ్లెంలో చెయ్యి, పిన్నులను వచ్చిన వరుసలోనే పేర్చు. ఆ తరువాత తాళాన్ని ఒకే జత పిన్నులతో తిరిగి కూర్చి తెరువు, తరువాత రెండు జతలతో, ఆపై వాటిలో ఒక పై పిన్నును స్పూల్‌తో మార్చి తెరువు. ఒకే ఒక్క స్పూల్ ఉన్నప్పుడు దాని ప్రవర్తన ఎంత స్పష్టంగా తెలుస్తుందో చూస్తే నీకే ఆశ్చర్యం కలుగుతుంది. చివరికి అన్ని పిన్నులూ పెట్టేసరికి తాళం అదే అయినా, అందులో ప్రతి కదలికా నీకు పరిచయమైనదే అవుతుంది.

చరిత్రలో అన్నిటికన్నా పేరుపొందిన తాళం సవాలు కూడా ఇదే చెబుతుంది. లండన్‌లోని పికడిల్లీలో జోసెఫ్ బ్రామా సంస్థ తమ తాళాన్ని దుకాణం కిటికీలో పెట్టి, తెరిచినవారికి 200 గినీలు (నాటి బ్రిటిష్ బంగారు నాణేలు) ఇస్తామని 1790 నుంచీ ప్రకటించింది. అరవై ఏళ్లు అది ఎవరికీ లొంగలేదు. 1851లో లండన్‌లో జరిగిన గ్రేట్ ఎగ్జిబిషన్ అనే పెద్ద ప్రదర్శనకు వచ్చిన అమెరికన్ తాళాల నిపుణుడు ఆల్‌ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్, 16 రోజుల వ్యవధిలో సుమారు 51 గంటలు పనిచేసి దాన్ని తెరిచాడు. అందుకు ప్రత్యేకంగా పనిముట్లు అమర్చుకున్నాడు, లోపలి ఒక్కొక్క పలకనూ వేరువేరుగా పట్టించుకున్నాడు. అదే కాలంలో ఆయన చబ్ అనే సంస్థ వారి డిటెక్టర్ తాళాన్ని 25 నిమిషాల్లో తెరిచాడు. ఎవరైనా లీవర్‌ను (తాళంచెవి లేపే లోపలి పలకను) అవసరానికి మించి ఎత్తితే బిగుసుకుపోయి ఆ సంగతి బయటపెట్టడం ఆ తాళం గొప్ప. ఆ బిగుసుకోవడమే ఏ లీవర్ ఎంత ఎత్తు దాటకూడదో హాబ్స్‌కు చెప్పింది. తాళంలో పెట్టిన ప్రతి రక్షణా పనిచేసేటప్పుడు ఏదో ఒక గుర్తు బయటపెడుతుంది. స్పూల్ వెనక్కి తిప్పడం కూడా అటువంటి గుర్తే కదా.

ఇప్పుడు మెడెకో సంగతి. 1968లో మొదలైన ఆ సంస్థ తాళంలో పిన్ను సరైన ఎత్తుకు లేస్తే సరిపోదు, సరైన కోణానికి తిరగాలి కూడా. అన్నీ తిరిగి, వాటి గాడులు ఒకే వరుసలోకి వచ్చినప్పుడే, ప్లగ్‌ను అడ్డుకుంటూ పక్కనున్న సైడ్‌బార్ అనే పట్టీ లోపలికి దిగుతుంది. ఎత్తు గురించి ఆలోచించవలసిన అవసరం లేనంతగా చేతికి అలవాటైన తరువాతే కోణం మీద మనసు పెట్టడం వీలవుతుంది. అబ్లాయ్ అనే సంస్థ తాళాల వంటివి మరో కుటుంబం. 1907లో ఫిన్లాండ్‌లో ఎమిల్ హెన్రిక్సన్ కనిపెట్టిన ఆ పద్ధతిలో పిన్నులూ లేవు, వాటిని నెట్టే స్ప్రింగులూ లేవు. తిరిగే బిళ్లలుంటాయి, వాటికి తప్పుదారి పట్టించే గాడులు కూడా ఉంటాయి, పనిముట్టు కూడా పూర్తిగా వేరు. దాని జోలికి ఇప్పట్లో వెళ్లవద్దు.

తాళాలు తెరిచే సాధకులు, తెరిచిన తాళం కష్టాన్ని బట్టి ఇచ్చుకునే రంగు బెల్టుల గురించి కూడా అడిగావు. తెల్ల బెల్టు నుంచి నల్ల బెల్టు వరకు సాగే ఆ వరుస, ఏ తాళం తరువాత ఏది ప్రయత్నించాలో చూపినంత మేరకు మంచిదే. కానీ రంగు కోసం ఒకసారి తెరిచి వదిలేసిన తాళం నీకు ఏమీ నేర్పదు. అదే తాళాన్ని వరుసగా ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు తెరవగలిగి, ఏ పిన్ను ముందు బిగుసుకుంటుందో కళ్లు మూసుకుని చెప్పగలిగితేనే అది నీకు వచ్చినట్టు లెక్క. విసుగు వచ్చినప్పుడు తాళాన్ని కింద పెట్టెయ్యి. విసిగిన వేలు బరువెక్కుతుంది.

మెడెకో కొన్నా దాన్ని డబ్బాలోనే ఉంచు. ముందుగా నీ తాళాన్ని విప్పి, పిన్నుల బొమ్మ గీసి, ఏ రంధ్రంలో స్పూల్ ఉందో, ఏ వరుసలో బిగుసుకుంటున్నాయో రాసి నాకు పంపించు. స్పూళ్లు రెండుకు మించి ఉంటే, వాటిలో ఏది ముందు ఉంచాలో చూసి మళ్లీ రాస్తాను.

ఇట్లు,
మీ మామయ్య