బాకీ దగ్గర ఆగు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. 1315 నాటి ఇంగ్లండు పల్లె, సంతలో గుడ్లిచ్చి రొట్టె పట్టుకెళ్లే రైతు ఇల్లాలు. బాగానే చదివించింది. ముందు ఆమె కుండలోని బంగాళదుంప తీసెయ్యి. అది అమెరికా నుంచి యూరప్ చేరడానికి ఇంకా రెండు వందల యాభై ఏళ్లు పడుతుంది. ఓట్స్ గింజలు, బఠాణీలు, ఉల్లి, క్యాబేజీ వేసి కాచిన జావ పెట్టు.

అసలు చిక్కు గుడ్ల దగ్గరుంది. గుడ్లు ఇటు, రొట్టె అటు, ఎవరిళ్లకు వాళ్లు పోయారు. ఇక వాళ్లిద్దరికీ ఒకరితో ఒకరికి పనేముంది? పల్లెలో ఇచ్చిపుచ్చుకోవడం చాలావరకు అలా సాగలేదు. పొరుగింట బార్లీ చేబదులు తెచ్చుకుని కోతలయ్యాక తీర్చేవారు. ఎద్దులు లేనివాడు అడిగి దున్నించుకుని, ఆ రుణం ఒళ్లు వంచి తీర్చుకునేవాడు. నడుమ నెలలు గడిచేవి. బాకీ గుర్తుకు కర్ర మీద గాట్లు పెట్టి, నిలువునా చీల్చి, చెరో సగం దాచుకోవడమూ ఉండేది. మాట తప్పితే భూస్వామి కచేరీలో తగవు. చేతిలో నాణెం లేకపోయినా లెక్క తరచు పెన్నీల్లోనే కట్టేవారు.

ఆ గుడ్లన్నీ ఆమెవీ కావు. చాలా చోట్ల ఈస్టరుకు గుడ్లు, క్రిస్మస్‌కు కోడి భూస్వామికి చెల్లించాలి. పండినదాంట్లో పదో వంతు చర్చికి, పిండిమరలో విసిరినందుకు గింజల్లో మరో వాటా. భూస్వామి చేలో వెట్టికి వెళ్లిన కొన్ని రోజులు మాత్రం తిండి అతనే పెట్టేవాడు. ఏ రోజు బీరు పోయాలి, ఏ రోజు నీళ్లతో సరిపెట్టాలి అన్నదానికీ ఆనవాయితీ ఉండేది! ఇంత పిసినారి వివరాన్ని వదులుకోకు.

నువ్వు ఎంచుకున్న ఏడాది సామాన్యమైంది కాదు. 1315లో వానలు ఆగలేదు, పంట కుళ్లింది. మరుసటి ఏడూ అంతే. గింజల కోసం చెక్కలు చెక్కలుగా భూమి అమ్ముకున్నారు. నిరుడు అడగకుండానే బార్లీ కొలిచిన పొరుగామె ఇప్పుడు పాత బాకీ అడుగుతుంది. కథను ఆ గుమ్మం దగ్గర నిలబెట్టు. సంత వర్ణన రెండు పేజీలూ కొట్టేసినా నష్టం లేదు. రంగుల గుడారాలు ఎవరైనా రాస్తారు.

ఇంకొకటి. ఉప్పు ఆమె పెరట్లో పండదు, కొనాలి. ఆ వానలకు ఉప్పు కూడా ఎండక ప్రియమైంది. నీ కథలో ఆమె పెన్నీ ఇచ్చి ఉప్పు కొంటుంది. ఆ పెన్నీ ఎక్కడిదో రాసి పంపు.